గుర్రు విన్నవాళ్ళని డాక్టరు గదిలోకి పిలవండి

మా వైపు గుర్రుకి మంచి పేరుంది. పగలంతా ఒళ్ళొంచి పనిచేసిన మనిషి రాత్రి ఇల్లదిరేలా గుర్రు పెడుతుంటే "పాపం, బడలిపోయినాడు, ఒళ్ళెరక్కుండా నిద్దరోతన్నాడు" అంటారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ ఇంటికెళ్ళినా ఈ మాట వినపడుతుంది. నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లేవాణ్ణి చూసి జాలిపడతాం, పడుకున్న మరుక్షణం గుర్రు మొదలెట్టేవాణ్ణి చూసి అదృష్టవంతుడంటాం. ఈ నమ్మకం మన గుండెలకి చేటు చేస్తోందని నేను గట్టిగా అనుకుంటున్నాను. దీన్ని నిలబెడుతున్నది ఇళ్ళలో పెద్దవాళ్ళే కాదు, బీపీ చూసి మందు రాసి పంపించేసే మన వైద్యం కూడా.

గుర్రు పెట్టే ప్రతి మనిషికీ జబ్బుందని అనడం లేదు. జలుబు చేసినా, బాగా అలిసినా ఎవరైనా పెడతారు. నేను మాట్లాడేది ఆగి ఆగి వచ్చే గుర్రు గురించి. పెద్దగా సాగుతున్నది ఠక్కున ఆగిపోతుంది. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత మనిషి ఉక్కిరిబిక్కిరై, ఒక్కసారిగా గాలి లాక్కుని మళ్ళీ మొదలెడతాడు. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. ఊపిరి 10 సెకన్లు, అంతకు మించి ఆగినా, బాగా సన్నగిల్లినా ఒకటిగా లెక్కేస్తారు. గంటకి 5 నుంచి జబ్బు ఉన్నట్టు, 15 నుంచి మధ్యరకం, 30 దాటితే తీవ్రం. గంటకి 30 అంటే ఏడు గంటల నిద్రలో 210 సార్లు ఊపిరి ఆగుతోందన్నమాట.

చీపురుపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఎండాకాలం అందరం డాబా మీదే పడుకుంటాం. మా మావయ్య జూట్ మిల్లులో ఏళ్ళ తరబడి షిఫ్టులు చేసి రిటైరైన మనిషి. ఒక రాత్రి ఆయన గుర్రు ఆగడం విని, లేచి, ఫోన్ వెలుగులో చూశాను. చప్పుడు ఆగింది గానీ పొట్ట ఆగలేదు. గట్టిగా పైకీ కిందికీ ఆడుతోంది. పొట్ట పైకి లేచినప్పుడల్లా రొమ్ము లోపలికి పోతోంది. నోరు తెరుచుకునే ఉంది, దాని ముందు అరచెయ్యి పెడితే గాలి తగలడం లేదు. ఇంతలో అటు తిరిగి పడుకున్న అత్త, కళ్ళు కూడా తెరవకుండా, చెయ్యి చాచి ఆయన భుజం తట్టింది. ఆయన పెద్దగా గాలి లాక్కుని పక్కకి ఒత్తిగిల్లాడు. "ఏటత్తా ఇది?" అంటే "ఎప్పుడూ ఉన్నదే గదే. అలగే ఆగిపోతాడు, తడితే తీస్తాడు" అంది. ఏళ్ళ తరబడి నిద్రలో కూడా ఆవిడ చెవి ఒకటి ఆయన ఊపిరి మీదే ఉంది.

ఆ నిమిషంలో లోపల జరిగేది తెలిస్తే గుండెకీ గొంతుకీ సంబంధం ఏమిటని ఎవరూ అడగరు. మెలకువగా ఉన్నప్పుడు గొంతు వెనక కండరాలు గాలిదారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది. మెడలో కొవ్వు చేరినా, దవడ చిన్నదైనా, టాన్సిల్స్ పెద్దవైనా ఆ దారి అసలే ఇరుకు. కొబ్బరిబొండాంలో మెత్తటి స్ట్రా వేసి గట్టిగా పీలిస్తే దాని గోడలు అతుక్కుపోతాయి చూడండి, అలాగే రొమ్ము ఎంత బలంగా లాగితే గొంతు అంత బలంగా మూసుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి మనిషిని సగం లేపుతుంది. ఆ లేపడం కోసం ఒళ్ళంతా అడ్రినలిన్ పారుతుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ జివ్వున లేస్తుంది. గొంతు తెరుచుకుంటుంది, మనిషి మళ్ళీ నిద్రలోకి జారతాడు, మళ్ళీ మూసుకుంటుంది. పొద్దున్న లేచాక ఇందులో ఒక్కటీ గుర్తుండదు.

మామూలు మనిషికి రాత్రి నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకీ రక్తనాళాలకీ దొరికే విశ్రాంతి అదే. ఊపిరి ఆగే మనిషికి ఆ తగ్గుదల సరిగ్గా రాదు, కొందరికి రాత్రే ఎక్కువగా ఉంటుంది. కొన్నేళ్ళకి పగటి బీపీ కూడా పైనే స్థిరపడుతుంది. రెండో దెబ్బ నేరుగా గుండె గోడల మీద పడుతుంది. గొంతు మూసుకుపోయి ఉండగా రొమ్ము గాలి కోసం గుంజుతుంటే, ఆ గుంజుడికి గుండె పై గదులు సాగుతాయి. రాత్రి తర్వాత రాత్రి అలా సాగిన గదుల్లో కొట్టుకునే లయ తప్పుతుంది. దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. లయ తప్పిన గదిలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. ఇక ఆక్సిజన్ పడటం, లేవడం, పడటం వల్ల రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం మూడోది.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. సాగిన గుండె గదులు ఒంట్లో నీరెక్కువైందని పొరబడి, మూత్రం పోయించే హార్మోనుని వదులుతాయి. అందుకే వీళ్ళు రాత్రి మాటిమాటికీ లేస్తారు. మావయ్య అలా లేస్తుంటే సుగరేమోనని టెస్టు చేయించారు. సుగరు లేదు. వయసొచ్చింది కదా, ప్రోస్టేటేమో అన్నారు. పొద్దున్న తలనొప్పిని బీపీ ఖాతాలో, పేపరు చదువుతూ తూగడాన్ని రిటైర్మెంటు ఖాతాలో వేశారు. ఒకే జబ్బు తాలూకు గుర్తులు నాలుగు చోట్ల చెదిరిపోయాయి.

ఆయన బీపీ మాత్రలు ఒకటి రెండై, రెండు మూడయ్యాయి. బీపీ మాత్రం దిగలేదు. చూపించుకున్న ప్రతిసారీ డాక్టరుగారు అడిగే ప్రశ్నలు దాదాపు అవే: ఉప్పు తగ్గించారా, మాత్రలు మానకుండా వేస్తున్నారా, నిద్ర పడుతోందా? "నిద్దరకేటండీ బాబూ, దిండుకి తలానితే సాలు" అనేవాడు మావయ్య. ఆయన అబద్ధమాడలేదు, తనకి తెలిసింది చెప్పాడు. తెలిసిన మనిషి మందుల సంచీ, పాత చీటీలు పట్టుకుని గది గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అత్తని ఎవరూ లోపలికి పిలవలేదు, పిలవకుండా వెళ్ళి మాట్లాడే అలవాటు ఆవిడకి లేదు. నాకు ఆ డాక్టరు మీద కోపం లేదు. ఓపీలో అంతమంది జనం ఉండగా ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలే. కానీ ఆ కొద్ది నిమిషాల్లోనే "రాత్రి మీ ఆయన ఊపిరి ఆగడం ఎప్పుడైనా చూశారా అమ్మా?" అన్న ఒక్క ప్రశ్న పడుతుంది. నేను అడుగుతున్నది ఆ ఒక్క ప్రశ్నే.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉద్యోగులని ఏళ్ళ తరబడి నిద్రలో పరీక్షిస్తూ వచ్చారు. ఆ పరిశోధన నుంచి 2000లో వచ్చిన ఫలితం: మొదటి పరీక్షలో ఊపిరి గంటకి 15 సార్లో అంతకంటే ఎక్కువో ఆగినవాళ్ళకి, నాలుగేళ్ళ తర్వాత బీపీ ఉండే అవకాశం అసలు ఆగనివాళ్ళతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. బరువు, వయసు, పొగ, మద్యం లాంటివి లెక్కలోంచి తీసేశాక కూడా. ఇంకోవైపు నుంచి చూసినా అదే. బ్రెజిల్‌లోని సావో పాలోలో, మూడు రకాల మందులు వేసినా బీపీ లొంగని 125 మందిని పరీక్షిస్తే 64 శాతం మందికి స్లీప్ ఆప్నియా ఉంది. 2011లో ప్రచురించారు. మూడు మాత్రలు మింగుతూ "నా బీపీ మొండిదండీ" అనేవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో మీకూ తెలుసు. నాలుగో మాత్ర రాసేముందు వాళ్ళ నిద్ర గురించి వాకబు చెయ్యడం అత్యాశేమీ కాదు.

నన్ను బాగా కలవరపెట్టింది మాత్రం 2005లో అమెరికాలోనే మినెసోటా నుంచి వచ్చిన పరిశోధన. అంతకుముందు నిద్ర పరీక్ష చేయించుకుని, తర్వాత గుండె ఆగి హఠాత్తుగా చనిపోయిన 112 మంది ఏ వేళలో పోయారో చూశారు. మామూలుగా ఇలాంటి చావులు పొద్దున్న ఆరు దాటాక, మధ్యాహ్నంలోపు ఎక్కువ. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళలో 46 శాతం అర్ధరాత్రికీ తెల్లవారుజాము ఆరింటికీ మధ్య పోయారు. లేనివాళ్ళలో ఆ వేళ పోయినవాళ్ళు 21 శాతం. గుండెకి అందరికంటే క్షేమంగా ఉండాల్సిన వేళ వీళ్ళకి గండంగా మారింది. మన దగ్గర నిద్రలో పోయినవాణ్ణి పుణ్యాత్ముడంటాం. పరామర్శకి వచ్చినవాళ్ళు "ఎవరిచేతా చేయించుకోకుండా ఎల్లిపోయినాడు" అని ఇంటివాళ్ళని ఓదారుస్తారు. ఎనభై దాటిన మనిషికి ఆ మాట తగును. యాభై ఏళ్ళవాడు, ఇంకా ఆడపిల్ల పెళ్ళి చెయ్యాల్సినవాడు అలా పోయినప్పుడు, ఆ ఇంట్లో మిగిలిన అన్నదమ్ములూ కొడుకులూ ఎలా నిద్రపోతున్నారో ఎవరైనా చూడాలి కదా. దవడ తీరు, మెడ తీరు, ఒళ్ళు చేసే గుణం ఇంట్లోవాళ్ళందరికీ పంచుకుని వచ్చేవే.

ఇది బాగా లావైనవాళ్ళకే వస్తుందని ఒక అపోహ ఉంది. బరువు పెద్ద కారణమే, ఒప్పుకోవాలి. కానీ మన ఆసియావాళ్ళకి యూరప్‌వాళ్ళకంటే తక్కువ బరువులోనే వస్తుంది. ముఖం, దవడ ఎముకల నిర్మాణం దీనికొక కారణం. సన్నగా ఉన్న మనిషి గుర్రు పెడితే "వీడికేం, బక్కోడు" అని కొట్టిపారెయ్యడానికి లేదు.

ఆడవాళ్ళ సంగతి దగ్గర నాకు బాధ ఎక్కువ. గుర్రు మొగవాడి బడలికకి గుర్తు, ఆడదానికి మాత్రం నామోషీ. అందుకని నోరు విప్పరు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళలో ఈ జబ్బు బాగా పెరుగుతుంది. వాళ్ళలో తరచు పైకి కనిపించేవి నీరసం, పట్టీపట్టని నిద్ర, పొద్దున్న తలనొప్పి, చిరాకు. వాటికి మన దగ్గర బలం మాత్రలూ థైరాయిడ్ టెస్టూ సిద్ధం. అత్త మావయ్య ఊపిరిని అన్నేళ్ళు కనిపెట్టుకుని ఉంది. అత్త ఊపిరిని ఎవరు విన్నారు? మన ఇళ్ళలో మొగవాళ్ళు ఆ వేళకి లేచి వినరు. కూతురో కోడలో వినాలి, విన్నది దాచకుండా చెప్పాలి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

షిఫ్టుల గొడవ ఇంకోటి. నెల్లిమర్ల, బొబ్బిలి వైపు జూట్ మిల్లులు, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలు, జాతీయ రహదారి మీద రాత్రంతా లారీలు తోలేవాళ్ళు, వీళ్ళందరికీ పగలు మగత ఉంటే "డ్యూటీ అలాంటిది" అని సరిపెట్టేస్తాం. రాత్రి షిఫ్టులు గుండెకి మంచివి కావన్నది నిజమే. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి గుండెపోటు 23 శాతం ఎక్కువగా కనిపించింది. అయితే సెలవు రోజు ఎనిమిది గంటలు పడుకుని లేచినా మత్తు వదలకపోతే అది డ్యూటీ వల్ల మాత్రమే అనుకోకూడదు. మావయ్య రిటైరయ్యాక కూడా తూగుతూనే ఉన్నాడు, అప్పుడైనా మాకందరికీ అనుమానం రావలసింది. స్టీరింగ్ ముందు కూర్చునేవాడి విషయంలో ఈ అనుమానం అతని ప్రాణంతోనే ఆగదు కూడా.

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం గురించి ఒక్క మాట. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో స్లీప్ ఆప్నియా మామూలు జనంలోకంటే ఎక్కువ. పగలంతా కాళ్ళలో చేరిన నీరు పడుకోగానే పైకి పాకి మెడ దగ్గర చేరడం దీనికొక కారణం. దాంతో గొంతు చుట్టూ ఉబ్బి గాలిదారి ఇరుకవుతుంది. గుండె నీరసించినవాళ్ళకీ ఇదే ఇబ్బంది. కిడ్నీ రోగుల్లో చాలామంది ప్రాణం తీసేది చివరికి గుండే. కవిటి, సోంపేట, పలాస వైపు డయాలసిస్‌కి వెళ్ళే మనిషి వెంట ప్రతిసారీ ఒకరు వెళ్తూనే ఉంటారు. అక్కడ అడగడం ఇంకా తేలిక.

ఇక్కడ నాకు ఎదురు చెప్పగలిగేవాళ్ళున్నారు, వాళ్ళ మాట బలమైనదే. ఈ జబ్బుకి ముఖ్యమైన వైద్యం సీప్యాప్ మెషీను. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరు కనిపెట్టింది. ముక్కుకి మాస్కు పెట్టి, గొంతు మూసుకోకుండా గాలిని కాస్త ఒత్తిడితో పంపిస్తుంది. దాంతో గుర్రు ఆగుతుంది, ఆక్సిజన్ పడిపోదు, పగటి మగత పోతుంది. మరి గుండెపోట్లు ఆగుతాయా? 2016లో వచ్చిన సేవ్ అనే పెద్ద పరిశోధనలో, అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో వచ్చిన 2,717 మందిని తీసుకున్నారు. మన దేశంవాళ్ళూ అందులో ఉన్నారు. సగటున 3.7 ఏళ్ళు చూశాక, మెషీను వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ గుండెపోట్లలో, పక్షవాతాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని చూపించి, ఇంత హడావిడి ఎందుకని అడగొచ్చు.

ఆ ఫలితాన్ని నేను పక్కన పెట్టను. కాకపోతే లోపలికి వెళ్ళి చూడాలి. ఆ మనుషులు రాత్రికి మెషీను పెట్టుకున్నది సగటున 3.3 గంటలు. అంటే సగం రాత్రి గొంతు మూసుకుంటూనే ఉంది. పగలు విపరీతంగా తూగేవాళ్ళనీ, ఆక్సిజన్ మరీ పడిపోయేవాళ్ళనీ, అంటే అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నవాళ్ళనీ, చికిత్స లేకుండా వదిలెయ్యడం తప్పని ఆ పరిశోధనలో చేర్చనేలేదు. పైగా వాళ్ళకి అప్పటికే రక్తనాళాలు పాడై ఉన్నాయి. కాబట్టి దాన్నుంచి నాకు అర్థమైంది, గుండె దెబ్బతిన్నాక ఆలస్యంగా, అరకొరగా మాస్కు పెడితే చాలదని. ముందుగా కనిపెట్టాలన్న నా వాదనకి అది అడ్డు రాదు. మెషీను గుండెపోటుకి మందు అని ఎవరైనా అమ్మజూపితే మాత్రం నమ్మకండి, అలాంటి రుజువు ఇంకా లేదు. బీపీ కొంత దిగుతుంది, మొండి బీపీలో ఇంకాస్త ఎక్కువ దిగుతుంది, మనిషి పగలు మనిషిలా ఉంటాడు. ఇంతవరకు ధైర్యంగా చెప్పొచ్చు.

మావయ్య విషయం తేలింది ఒక వీడియోతో. ఆయన కూతురు రెండు నిమిషాలు ఫోన్లో తీసి, తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారి ముందు పెట్టింది. ఆయన పూర్తిగా చూశారు. మొదటిసారి అత్తని కూర్చోమని, ఎన్నాళ్ళ నుంచి, వెల్లకిలా పడుకున్నప్పుడేనా, ఎంతసేపు ఆగుతుందని అడిగారు. అత్త గడగడా చెప్పింది. ఆ పావుగంటలో ఏళ్ళ సమాచారం బయటపడింది. విశాఖపట్నం పంపించారు. వేలికి, ముక్కుకి, రొమ్ముకి తగిలించుకుని రాత్రంతా పడుకునే పరీక్ష చేస్తే గంటకి 40 దాటింది. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటరు ఇంట్లో ఉంది కదా, అందులో 98 చూపిస్తోంది కదా అని మావయ్య వాదించాడు. మెలకువలో వీళ్ళలో చాలామందికి అది బాగానే చూపిస్తుంది. మెషీను వెల పదులవేలల్లో ఉంది, పిల్లలు వేసుకున్నారు. మొదట్లో నిద్రలోనే మాస్కు పీకేసేవాడు, అత్త మళ్ళీ పెట్టేది. ఇప్పుడు అలవాటైంది. మాత్రలు పూర్తిగా పోలేదు, బీపీ మాత్రం అదుపులో ఉంది.

"అందరూ విశాఖ వెళ్ళలేరు, మెషీన్లు కొనలేరు, అడిగి ఏం లాభం?" అని ఒక పరిచయస్థురాలు నాతో అంది. ఆవిడ ఏఎన్ఎం, అంటే ఊళ్ళలో పనిచేసే ప్రభుత్వ నర్సు. బీపీ, సుగరు లాంటి జబ్బుల గండం ఎవరికుందో చూడ్డానికి ఊళ్ళలో ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, ఒళ్ళు కదిలించే పని, ఇంట్లో ఎవరికైనా బీపీ, సుగరు, గుండెజబ్బు ఉన్నాయా అన్నవాటికి మార్కులుంటాయి. నిద్రకి లేవు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తాను గుండె ఆరోగ్యానికి లెక్కపెట్టే ఏడు అంశాలకి 2022లో నిద్రని ఎనిమిదోదిగా చేర్చింది. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో, మన దేశంలో పనిచేసే వయసువాళ్ళలో దాదాపు 10 కోట్ల 40 లక్షల మందికి ఈ జబ్బు ఉండొచ్చని అంచనా కట్టారు. ఇంతమందిని పరీక్షించే సదుపాయం మన జిల్లాల్లో లేదన్న ఆవిడ మాట నిజం. అందుకే ముందు ఎవరిని పంపాలో తెలియడానికైనా అడగాలి.

పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవీ ఉన్నాయి. వెల్లకిలా కాకుండా పక్కకి పడుకుంటే చాలామందికి ఊపిరి ఆగడం తగ్గుతుంది. పడుకునేముందు మద్యం తాగితే గొంతు కండరాలు ఇంకా వదులైపోతాయి కాబట్టి ఆ పూట గండం ఎక్కువ, అది మానొచ్చు. ఒంటి బరువు 10 శాతం తగ్గితే ఊపిరి ఆగడం పావువంతుకి పైగా తగ్గుతుందని విస్కాన్సిన్‌వాళ్ళే చూపించారు. నిద్ర సరిపోవట్లేదని మందులషాపులో అడిగి నిద్రమాత్ర వేసుకునేవాళ్ళు ఉన్నారు. ఊపిరి ఆగుతున్న మనిషిని తట్టి లేపే మెదడునే అది మత్తులో పెడుతుంది, దాన్ని ఆపించొచ్చు. ఆపరేషన్ ఏదైనా ఉంటే, మత్తిచ్చే డాక్టరుకి ముందురోజే "ఈయనకి నిద్రలో ఊపిరి ఆగుద్దండీ" అని ఇంటివాళ్ళు చెప్పాలి. అది తెలిస్తే మత్తులో, ఆ తర్వాత వార్డులో ఆయన్ని కనిపెట్టుకుని ఉండే తీరే మారిపోతుంది. ఆ ముక్క ఆసుపత్రి ఫారంలో రాయడానికి చోటు లేకపోతే కాగితం మీద పెద్దక్షరాలతో రాసి కేసుషీటుకి పిన్ను కొట్టమనండి.